కుర్చీలాట

మొన్న సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్ ఆవరణలో ఆడవాళ్లకి ఆటల పోటీలు పెట్టారు. ముగ్గులయిపోయాయి, చెంచాలో నిమ్మకాయ పరుగయిపోయింది, ఇక మిగిలింది కుర్చీలాట. అది లేకుండా ఆడవాళ్ల సభ ఏదయినా ముగిసిందా చెప్పండి! స్కూలు వార్షికోత్సవాల్లో పిల్లలాడతారు, పుట్టినరోజు పండగల్లో బుడతలాడతారు, మహిళామండలి సభల్లో మనం ఆడతాం. మగవాళ్ల సభల్లో మాత్రం ఈ ఆట పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. వాళ్లు పొద్దస్తమానం అదే ఆడుతుంటారు కనక, పండగపూట సెలవు కాబోలు.

పన్నెండు మందిమి తేలాం. పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు వీపుకి వీపు ఆనించి రెండు వరసలుగా వేశారు. పట్టుచీరల కుచ్చెళ్లు పైకి దోపుకుని సిద్ధంగా నిలబడ్డాం. సరిగ్గా ఆ వేళకి పాట పెట్టాల్సిన కుర్రాడి స్పీకరు మొరాయించింది. "పోనీ మామ్మగారికివ్వండి, పళ్లెం వాయిస్తారు" అన్నారెవరో. మామ్మగారంటే మా అమ్మ. 74 ఏళ్లు. నెల్లాళ్ల కిందటే మా ఇంటికొచ్చింది. ఒక స్టీలు పళ్లెం, గరిటె ఆవిడ చేతిలో పెట్టి, పక్షపాతానికి తావు లేకుండా మావైపు వీపు ఉండేలా కూర్చోబెట్టారు. వాయించాలి, ఉన్నట్టుండి ఆపాలి. ఇంతే పని.

అమ్మ వాయించడం మొదలెట్టింది. ఒక ప్రదక్షిణం అయింది, రెండయ్యాయి. నవగ్రహాల చుట్టూ తిరిగినట్టు తొమ్మిదీ అయ్యాయి. అమ్మ ఆపదే! మాలో సగం మందికి ఆయాసం, మిగతా సగానికి నవ్వు. "మామ్మగారూ, ఆపాలండీ!" అని పిల్లలు అరిస్తే అప్పుడు ఆపింది. మూడో అంతస్తు ఆవిడకి కుర్చీ దొరకలేదు. ఆవిడతోపాటు ఒక కుర్చీని కూడా బయటికి మోసేశారు. మళ్లీ పళ్లెం మోగింది. మళ్లీ అదే వరస, ఎవరో కేకేస్తేగాని ఆపదు.

నేను అయిదో దఫాలోనే బయటికొచ్చేసి అమ్మ పక్కన చతికిలబడ్డాను. "ఏవిటమ్మా, అంతసేపు తిప్పుతావు మనుషుల్ని?" అన్నాను.

"ఆపితే ఎవరో ఒకరు పోతారు కదే. చెయ్యి ఆగటం లేదు" అంది.

నవ్వేశాను. కాని ఆ మాట నన్ను వదల్లేదు. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న పాపానికి ఏదయినా పట్టుకుంటే దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వేదాకా నాకు తోచదు. మావారు దీన్ని జబ్బంటారు. జబ్బే అనుకోండి.

మనం ఇంగ్లీషువాళ్ల దగ్గర నేర్చుకుని మ్యూజికల్ చైర్స్ అంటున్నాం గాని, ఈ ఆటకి దేశానికో పేరుంది. జర్మనీ పిల్లలు దీన్ని 'జెరూసలెం ప్రయాణం' అంటారు. అమెరికాలో కూడా పాతకాలంలో 'జెరూసలెం వెళ్దాం' అనే ఆడుకునేవారు. 1904లో వచ్చిన 'బాబ్సీ ట్విన్స్' అనే పిల్లల కథల పుస్తకంలో ఈ ఆట ఆ పేరుతోనే ఉంది. క్రూసేడు యుద్ధాలకి వెళ్లే ఓడల్లో చోటు చాలక తోసుకున్నారనీ, అందుకే ఆ పేరొచ్చిందనీ ఒక కథ చెప్తారు. కథ బాగానే ఉంది గాని దానికి రుజువంటూ లేదు. నాకు మాత్రం మన కాశీయాత్ర గుర్తొచ్చింది. పుణ్యక్షేత్రానికయినా సరే, రైల్లో సీటు కోసం పక్కవాణ్ణి తొయ్యకుండా వెళ్లినవాళ్లెవరు?

స్వీడన్‌లో దీని పేరు 'సముద్రమంతా హోరెత్తుతోంది' అని. కుర్చీల మధ్య సముద్రం పొంగుతుందన్నమాట! ఎక్కడో ఒకచోట ఎక్కి కూర్చోకపోతే మునిగిపోతాం. జపాన్‌వాళ్లు ఏ అలంకారమూ లేకుండా 'కుర్చీ లాక్కునే ఆట' అనేశారు. పోర్చుగీసువాళ్లకీ డెన్మార్కువాళ్లకీ ఇది 'కుర్చీల నాట్యం'. అన్నిటిలోకీ నాకు నచ్చింది రుమేనియా పేరు. వాళ్లు దీన్ని 'చిన్ని పిట్టా, గూడు మార్చుకో' అంటారు. ఎంత ముద్దుగా ఉందో! మొదటిసారి విన్నప్పుడు ముద్దుగా ఉంది. రెండోసారి తలుచుకుంటే అంత ముద్దుగా అనిపించలేదు. గూడు మార్చుకోమని పిట్టకి చెప్పేదెవరు?

ఈ ఆటకి మూడు సరంజామాలు కావాలి. జనం, కుర్చీలు, ఉన్నట్టుండి ఆగే పాట. జనానికి ఎక్కడా కొదవ లేదు. పాట సంగతంటారా, తొలిరోజుల్లో ఇంట్లో పియానో ఉన్నవాళ్లకే అది కుదిరింది. అందరూ గదిలో గిరగిరా తిరుగుతూ కేరింతలు కొడుతుంటే, పియానో వాయించే ఆవిడ మాత్రం వాళ్లకేసి చూడకుండా వాయిస్తూ కూర్చోవాలి. అంటే ఆటలో ఆవిడ లేదు, ఆవిడ లేకపోతే ఆట లేదు. వంటింట్లో ఉండి పండగ జరిపించే మనబోటివాళ్లకి ఈ ఉద్యోగం కొత్తదేం కాదు. తరవాత గ్రామఫోన్ వచ్చింది. దానిమీది ముల్లు ఎత్తితే పాట ఆగిపోతుంది. ఆ తరవాత రేడియో, టేపురికార్డరు, ఇప్పుడు చేతిలో ఫోను. చివరికి అన్నీ మొరాయిస్తే మా అమ్మ పళ్లెం.

ఇక కుర్చీలు. ఇక్కడే మన చరిత్ర వేరు. కుర్చీ అన్న మాట మనది కాదు. అరబ్బీలో కుర్సీ పారశీకం మీదుగా, ఉర్దూ మీదుగా మన నోట్లో పడి కుర్చీ అయింది. మనకున్నది పీట. సంస్కృతంలో గౌరవంగా చెప్పుకుంటే పీఠం. రాజులకి గద్దె, దేవుళ్లకి సింహాసనం. అందుకే మన నుడికారమంతా వాటిమీదే నడుస్తుంది. గద్దె ఎక్కాడు, పీఠం కదిలింది, ఫలానా వారికి పెద్దపీట వేశారు అంటాం. ఆడవాళ్లకి మాత్రం జీవితంలో పెద్దపీట ఒక్కసారే వేసేవారు, అవి పెళ్లిపీటలు. ఆ తరవాత వంటింటి పీటే.

తెనాలిలో మా ఇంటి ముందుగదిలో నాలుగు కుర్చీలూ, ఒక పడక కుర్చీ ఉండేవి. పడక కుర్చీ నాన్నది. నాలుగు కుర్చీలు వచ్చేపోయేవాళ్లకి. మేం పిల్లలం కిందే కూర్చునేవాళ్లం. అమ్మ వంటింటి గుమ్మం పక్కన పీట వేసుకుని, అటు పొయ్యీ ఇటు ముందుగదీ రెండూ కనపడేలా కూర్చునేది. ఎవరూ లేనప్పుడు కూడా కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. కూర్చోవద్దని నాన్న ఎన్నడూ అనలేదు. కూర్చోమనీ అన్నట్టు గుర్తులేదు.

అలాంటి ఇళ్లకి కుర్చీలాట ఎక్కణ్ణుంచి వస్తుంది? బడినించి వచ్చింది. మన ఇళ్లల్లో ఉన్నది నాలుగు స్తంభాలాట. మండువా లోగిలి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకి దాని సంగతి చెప్పక్కర్లేదు. ఫ్లాట్లలో పుట్టినవాళ్ల కోసం చెప్తాను. నాలుగు స్తంభాల దగ్గర నలుగురు నిలబడతారు. మధ్యలో ఒకరు దొంగ. నలుగురూ ఒకరికొకరు కనుసైగ చేసుకుని స్తంభాలు మార్చుకుంటుంటారు. ఆ మారే క్షణంలో ఖాళీ అయిన స్తంభాన్ని దొంగ పట్టుకోవాలి. పట్టుకుంటే, స్తంభం పోగొట్టుకున్నవాళ్లు కొత్త దొంగ. 1982లో జంధ్యాలగారు నాలుగు మనసుల మధ్య గజిబిజిని సినిమా తీసి దానికి ఈ ఆట పేరే పెట్టారు. ఆ పేరు వినగానే ఆంధ్రదేశంలో ఎవరూ అర్థమేమిటని అడగలేదు. నలుగురూ చోట్లు మారతారు, ఒకరు మధ్యలో నిలబడిపోతారు అని అందరికీ తెలుసు.

పైపైన చూస్తే రెండాటలూ ఒకటే. మనుషులు అయిదుగురు, చోట్లు నాలుగు. కాని తేడా ఎక్కడుందో చూడండి. మన ఆటలో స్తంభం తీసెయ్యరు. ఎలా తీస్తారు, తీస్తే ఇంటి కప్పు కూలిపోదూ! ఇప్పుడు చోటు దొరకనివాళ్లు ఆటలోంచి పోరు, మధ్యలోకి వస్తారు. మరుక్షణంలో వాళ్లకి మళ్లీ అవకాశం ఉంది. గెలిచినవాళ్లంటూ లేరు, పళ్లేలూ గ్లాసులూ బహుమతుల్లేవు. అన్నానికి రమ్మని వంటింట్లోంచి కేక వినపడేదాకా ఆట నడుస్తూనే ఉంటుంది. కుర్చీలాటలో అలా కాదు. పన్నెండు మంది ఆడితే పదకొండు సార్లు ఎవరో ఒకరు పోవలసిందే. ఎంత చురుగ్గా పరుగెత్తినా, అందరూ సమానంగా పరుగెత్తినా, ఒకరికి కుర్చీ ఉండదు. పోయినవాళ్లది మందకొడితనం అనుకుంటాం. అసలు సంగతి, ముందే ఒక కుర్చీ తక్కువ వేసిపెట్టారు. మనం పరుగెత్తేవాళ్ల కాళ్లు చూస్తాం గాని, పక్కనించి కుర్చీ మోసుకుపోతున్న చేతుల్ని చూడం.

ఇప్పుడు పత్రికలవాళ్లతో నాకున్న చిన్న పేచీ చెప్తాను. రాజకీయాల్లో పదవులు చేతులు మారితే చాలు, 'కుర్చీలాట' అని శీర్షిక పెట్టేస్తారు. దీనికి మన రాష్ట్రం పెట్టింది పేరు. 1978 మార్చిలో మర్రి చెన్నారెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. 1980 అక్టోబరులో టి.అంజయ్యగారు, 1982 ఫిబ్రవరిలో భవనం వెంకట్రామ్‌గారు, అదే ఏడు సెప్టెంబరులో కోట్ల విజయభాస్కరరెడ్డిగారు. అయిదేళ్లు నిండకుండా నలుగురు. నేను పుట్టింది 1980 వేసవిలో. నేను పుట్టేసరికి చెన్నారెడ్డిగారు, నడక వచ్చేసరికి అంజయ్యగారు, పరుగు వచ్చేసరికి భవనంగారు, ఆ పరుగులో పడి మోకాలు చీరుకునేసరికి విజయభాస్కరరెడ్డిగారు. నా మోకాలు మానేలోగా, 1983 జనవరిలో, ఎన్.టి.రామారావుగారు వచ్చి ఆ కుర్చీలాటని ఆపేశారు. పాట మోగింది ఢిల్లీలో, పరుగులు పెట్టింది హైదరాబాదులో అని నాన్న నవ్వేవారు. మాటిమాటికీ ముఖ్యమంత్రిని మారిస్తే జనానికి ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆ ఎన్నికల్లో తెలిసింది.

కాని ఇది కుర్చీలాటేనా? ఒక్క కుర్చీ అయినా తగ్గిందా? పోయినవాళ్లు నిజంగా పోయారా? చెన్నారెడ్డిగారు 1982లో పంజాబుకి గవర్నరయ్యారు. 1989లో తిరిగొచ్చి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పుడయినా అయిదేళ్లుంటారనుకుంటే ఏడాదికే నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు వచ్చారు. 1992 అక్టోబరులో చూస్తే, పదేళ్ల కిందట దిగిపోయిన విజయభాస్కరరెడ్డిగారే మళ్లీ అక్కడ! మధ్యలో నిలబడ్డవాళ్లు అదను చూసి స్తంభం పట్టుకున్నారన్నమాట. ఎన్.టి.ఆర్.గారి విషయం మరీ స్పష్టం. 1984 ఆగస్టులో పదవి పోయింది, నెల తిరిగేసరికి సెప్టెంబరులో తిరిగొచ్చింది. కుర్చీలాటలో అవుటయినవాళ్లు నెల తరవాత వచ్చి కూర్చుంటానంటే ఏ పిల్లలైనా ఒప్పుకుంటారా?

ఇదేదో మన గొప్పే అనుకోకండి. ఫ్రాన్సులో 1946 నించి 1958 దాకా నడిచిన నాలుగో రిపబ్లిక్‌లో పన్నెండేళ్లకి ఇరవైకి పైగా ప్రభుత్వాలు మారాయి. కాని ముఖాలు మారలేదు. హెన్రీ క్యుయె అనే పెద్దమనిషి ఒక్కడే మూడుసార్లు ప్రధాని అయ్యాడు. అది కూడా స్తంభాలాటే. ఆట పేరు తప్పు చెప్తే ఏం కొంప మునిగిందంటారా? మునుగుతుంది. మంత్రిపదవి పోయినాయన్ని చూసి అయ్యో అని జాలిపడే అలవాటు మనకి వచ్చేస్తుంది, నిజంగా చోటు పోయినవాళ్లు మన కళ్లబడకుండా పోతారు.

కుర్చీ మాటెత్తితేనే పాలకులకి కంగారు. అమృత్ నాహటా అనే ఆయన 'కిస్సా కుర్సీ కా' అని ఒక వ్యంగ్య చిత్రం హిందీలో తీస్తే, ఎమర్జెన్సీ రోజుల్లో దాని నెగటివ్‌తో సహా తగలబెట్టేశారు. పట్టువదలని ఆయన మళ్లీ తీసి 1978లో విడుదల చేశాడు. ఒక్క ఆటవస్తువుకి ఇంత ప్రతాపం!

ఈ ఆటని ఉపమానంగా వాడినవాళ్లలో నాకు తెలిసినంతలో సరిగ్గా వాడింది ఒక అర్థశాస్త్రవేత్త. జాన్ మేనార్డ్ కీన్స్. మనకి పూర్తిగా పరాయివాడేం కాదు లెండి. కుర్రతనంలో 1906 నించి రెండేళ్లు లండన్లో ఇండియా ఆఫీసులో గుమాస్తాగిరీ చేశాడు. 1913లో అచ్చయిన ఆయన మొదటి పుస్తకం మన రూపాయి మీదే. 1936లో రాసిన పెద్ద గ్రంథంలో, షేర్ల బజారు గురించి చెప్తూ, అక్కడి పెట్టుబడిని మూడు పిల్లలాటలతో పోల్చాడు. ఒకటి స్నాప్ అనే పేకాట. రెండోది ఓల్డ్ మెయిడ్ అనే ఇంకో పేకాట. మూడోది మన కుర్చీలాట. ఆ షేరుకి అంత విలువ లేదని ఆడేవాళ్లందరికీ లోపల తెలుసు. కాని పాట ఆగేలోగా తనకో కుర్చీ దొరుకుతుందని ఎవరి ధీమా వాళ్లది. కీన్స్ ఒడ్డున నిలబడి చెప్పలేదు. తనూ బజారులో ఆడినవాడే, సంపాదించినవాడే, పోగొట్టుకున్నవాడే.

1992లో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడినప్పుడు మా బాబాయి ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. పిన్ని గాజులు అమ్మి కొన్న షేర్లు చిత్తుకాగితాలయ్యాయి. పిన్నికి షేరంటే ఏమిటో తెలీదు. ఆవిడ ఆటలోనే లేదు. కాని కుర్చీ పోయింది ఆవిడకే.

కీన్స్ చెప్పిన రెండో ఆట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఓల్డ్ మెయిడ్ అంటే పెళ్లి కాని ముసలమ్మ. పేకలో ముక్కలన్నీ జతలు కలిసిపోగా, జత లేని రాణి ఒక్కతే మిగులుతుంది. ఆట ముగిసేసరికి ఆ ముక్క ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఓడినట్టు. అందుకని ముఖంలో ఏమీ కనపడనీకుండా, ఆ ముసలమ్మని పక్కవాళ్ల చేతిలోకి జార్చెయ్యాలి. ఎంత సరదా ఆటో చూడండి! పిల్లలకి నేర్పుతారు దీన్ని.

నాన్న పోయి ఆరేళ్లయింది. తెనాలి ఇల్లు అమ్మేశాం. మేం ముగ్గురం. అన్నయ్య హైదరాబాదులో, నేను విజయవాడలో, చెల్లెలు బెంగుళూరులో. అమ్మ ఒక్కచోటే ఉండిపోతే ఆవిడకి విసుగనీ, మాకూ మార్పుగా ఉంటుందనీ, తలా నాలుగు నెలలని పెట్టుకున్నాం. ఎవరం చెడ్డవాళ్లం కాము. వదిన అమ్మకి ఉప్పు తక్కువ వేసి విడిగా వండుతుంది. మా చెల్లెలు కాళ్లు పట్టకుండా పడుకోనివ్వదు. మొదట్లో మూడిళ్లలోనూ అమ్మకి విడిగా ఒక గది ఉండేది. తరవాత అన్నయ్య కూతురు ఇంటర్‌కొచ్చింది, చదువుకోవడానికి గది కావాలి. ఒక కుర్చీ తగ్గింది. చెల్లెలు వాళ్లు ఆఫీసుకి దగ్గరగా ఉంటుందని చిన్న ఫ్లాటులోకి మారారు. ఇంకోటి తగ్గింది. కరోనా రోజుల్లో మావారు ఇంట్లోనే ఆఫీసు పెట్టుకున్నారు. కరోనా పోయింది గాని ఆ బల్లా, కంప్యూటరూ గదిలోంచి కదల్లేదు. అమ్మ మంచం హాల్లోకి వచ్చింది. ఎవరూ అమ్మని ఏమీ అనలేదు. కుర్చీలు మాత్రం తగ్గుతూ వచ్చాయి.

సంక్రాంతికి వారం ముందు అన్నయ్య ఫోన్ చేశాడు. "పాప పరీక్షలు అయ్యేదాకా అమ్మని నీ దగ్గరే ఉంచుకోవే" అన్నాడు. న్యాయమైన మాటే. నేనేమన్నానో తెలుసా? "ఉంచుకుంటాను గాని, జూన్‌లో మాత్రం చెల్లి తీసుకెళ్లాలి, ఆ మాట ఇప్పుడే చెప్పెయ్యి" అన్నాను. హాల్లో నిలబడి అన్నాను. అమ్మ పప్పులో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. పేకముక్క జార్చేవాళ్లు అలా ఉంటారని చదివాను గాని, జారిపోయే ముక్క కూడా అలాగే ఉంటుందని కీన్స్ రాయలేదు.

అందుకే ఆ పళ్లెం దగ్గరి మాట నన్ను వదల్లేదు.

ఈ ఆటని వేరే విధంగా ఆడటానికి వీల్లేదా అంటే, ఉంది. కెనడాలో టెర్రీ ఆర్లిక్ అనే ఆచార్యుడు 1978లో పిల్లల కోసం ఓటమి లేని ఆటల పుస్తకం ఒకటి వేశాడు. ఆయన పద్ధతిలో కుర్చీలు మామూలుగానే తగ్గుతాయి. పిల్లల్ని మాత్రం పంపించరు. మిగిలిన కుర్చీల్లోనే అందరూ సర్దుకోవాలి. ఒకరి ఒళ్లో ఒకరు, చేతుల మీద ఒకరు, పక్కన వేలాడుతూ ఒకరు. చివరికి ఉన్న కుర్చీ మీద ఆడేవాళ్లందరూ ఏదో విధంగా నిలవాలి. ఒక్కరు జారిపడినా అందరూ ఓడినట్టే.

మొన్న రాత్రి భోజనాలయ్యాక ఇది అమ్మకి చెప్పాను. ఆవిడకేమీ వింతగా అనిపించలేదు. "సినిమాకి బండికట్టుకుని అలాగే కదుటే వెళ్లేవాళ్లం! పిల్లలూ పెద్దలూ కలిసి పదకొండు మందిమి. మీ పెద్దత్తయ్య ఒళ్లో నేను, నా ఒళ్లో మీ అన్నయ్య" అంది. కాసేపాగి, "కాళ్లు తిమ్మిరెక్కిపోయేవి" అని కూడా అంది. ఉన్నమాట చెప్పాలి కదా!

మావారితో నాలుగు రోజులు వాదించాను. బల్ల పడగ్గదిలోకి మారింది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు, మూడోనాడు కిటికీ గాలి బాగుందన్నారు. అమ్మ మంచం గదిలో వేశాం. బీరువాలో రెండు అరలు ఖాళీ చేసి, కొత్త కాగితాలు పరిచి, "అమ్మా, నీ చీరలు ఇందులో పెట్టుకో" అన్నాను. ఆరేళ్లుగా మా ముగ్గురిళ్లలోనూ అమ్మ బట్టలు సూట్‌కేసులోనే ఉంటున్నాయి. మంచం కిందనించి లాగుతుంది, కావలసింది తీసుకుంటుంది, మళ్లీ జిప్పు వేసి లోపలికి తోసేస్తుంది. అది అమ్మ అలవాటనుకున్నాం ఇన్నాళ్లూ.

అన్నయ్యకి ఫోన్ చేసి జూన్ మాట వెనక్కి తీసుకున్నాను. "ఏమయిందే?" అన్నాడు కంగారుగా. ఏమీ కాలేదన్నాను.

గదిలోకి వెళ్లి చూస్తే, అమ్మ అరల ముందు కుర్చీ వేసుకుని కూర్చునుంది. నాలుగు చీరలు మడతలు సరిచేసి పై అరలో పెట్టింది. నాన్న ఫోటో పెట్టింది. మందుల డబ్బా పెట్టింది. సూట్‌కేసు ఇంకా సగం నిండుగానే ఉంది.

"అవి కూడా పెట్టెయ్యమ్మా, ఇంకో అర ఖాళీగానే ఉందిగా" అన్నాను.

"ఉండనీవే. ఎండాకాలం వెళ్లాక చూద్దాం" అని జిప్పు వేసింది. మంచం కిందకి మాత్రం తొయ్యలేదు. గోడవారగా నిలబెట్టి, దానిమీద తన చేతిసంచీ పెట్టుకుంది.